ఖాళీ జాబితాకు పచ్చదీపం

ఇందులో రాసిన ప్రతి మాటా నిజం. నా నెత్తి మీద నా చెయ్యే పెట్టుకుని ప్రమాణం చేస్తున్నాను. మీ ఆవిడ నెత్తి మీద పెట్టి చెబితే నమ్ముతామని కొందరన్నారు. ఆవిడ వంటింట్లోంచే వద్దంది. నా సంగతి ఆవిడకు తెలుసు కాబట్టి ఆ జాగ్రత్తను నేను తప్పుపట్టను. జంషెడ్‌పూర్ తెలుగువాళ్ళలో నాకో పేరుంది. సుబర్ణరేఖ పొంగిన ఏడు మాంగో వంతెన మీద ఆగిపోయిన ఆటోలో కూర్చుని, కాలు నీళ్ళలోకి వేలాడేసి, బొచ్చె చేపను బొటనవేలితో పట్టానని పెళ్ళిళ్ళలో చెబుతూ ఉంటాను. ఆ చేప ఇప్పటికీ పెరుగుతూనే ఉంది.

ఇది మాత్రం చేప కథ కాదు. నేను భయపడిన కథ. పెంచి చెప్పాల్సిన అవసరం రాలేదు. ఉన్నదాన్ని ఉన్నట్టు రాయడానికే చెయ్యి ఆడడం లేదు.

సీతారాండేరాలో టైర్ల కొట్టు పైన రెండు గదుల ఆఫీసు మాది. కర్మాగారాలకు ప్రోగ్రాములు రాసిపెడతాం. మేమంటే నేనూ, పర్సుడీహ్ నుంచి స్కూటీ మీద వచ్చే ఒక అమ్మాయీ. వాళ్ళ తాతలది ఇచ్ఛాపురం దగ్గర. నేను తెలుగులో అడుగుతాను, ఆమె హిందీలో జవాబిస్తుంది. ఇద్దరికీ బాగానే ఉంటుంది. నేను ఒక పని రెండు రోజుల్లో అయిపోతుందని ఎవరికైనా మాటిస్తే, ఆమె నా వెనకాల ఫోన్ తీసి వారం అని చెబుతుంది.

ఆదిత్యపూర్ వైపు ఒక కర్మాగారంలో పెద్ద గ్యాస్ గొట్టాలున్నాయి. మనిషి తల వంచకుండా నడవగలిగేంత గొట్టాలు. అప్పుడప్పుడు వాటిని ఆపి, గ్యాస్ తోసేసి, లోపలికి మనుషుల్ని దింపి మసి గీకిస్తారు. ఆ గ్యాస్‌కు రంగు లేదు, వాసన లేదు. పీల్చినవాడు దగ్గడు, కేకలు వెయ్యడు. కాస్త అలసటగా ఉందని కూర్చుంటాడు, కూర్చున్నచోటే ఉండిపోతాడు. అందుకని గొట్టం పొడుగునా గ్యాస్‌ను కొలిచే సెన్సర్లు పెట్టారు. వాటి లెక్కలన్నీ మా ప్రోగ్రాముకు వస్తాయి. అన్నీ హద్దులోపల ఉంటే మ్యాన్‌హోల్ పక్కన పచ్చదీపం వెలుగుతుంది. ఒక్కటి దాటినా ఎర్రదీపం. ముఠా దగ్గర చేతి మీటరు కూడా ఉంటుంది గానీ, దీపం పచ్చగా ఉంటే దాన్ని ఎవరూ సంచిలోంచి తియ్యరు.

ఆ పచ్చదీపం చూసుకుని ముందుగా దిగేది మా బామ్మర్ది. మసి గీకే కాంట్రాక్టు ముఠాకు వాడే పెద్ద. మా ఆవిడకు ఒక్కగానొక్క తమ్ముడు.

ఆ ప్రోగ్రాము రాసింది లిస్ప్ కుటుంబంలో పుట్టిన ఒక కొత్తకాలపు భాషలో. లిస్ప్ అంటే బ్రాకెట్ల భాష. ఒకదానిలో ఒకటి దూరిన బ్రాకెట్లు తప్ప పైకి ఏమీ కనబడవు. ఈ కొత్త భాషకు సొంత ఇల్లు లేదు. జావా అనే వేదిక మీద అద్దెకుంటుంది. అంకెలు ఇంటివాళ్ళవి, ఫైళ్ళు ఇంటివాళ్ళవి, తీగ మీద మాట్లాడే పద్ధతీ ఇంటివాళ్ళదే. ఒకరోజు కర్మాగారం వాళ్ళు జావా యంత్రాలన్నీ తీసేస్తున్నామని, ఇకమీదట తమ సర్వర్లలో డాట్‌నెట్ అనే ఇంకో వేదిక ఒక్కటే ఉంటుందని చెప్పారు. పోనీ ప్రోగ్రామును కొత్తగా రాద్దామంటే, అందులో ఉన్న ఒక్కొక్క నియమాన్నీ భద్రతా కమిటీ కూర్చుని ఒప్పుకుంది. ఒక్క అక్షరం కదిలినా మొత్తం మళ్ళీ మొదలు. అందుకని నియమాలను ముట్టుకోకుండా, వాటి కింద ఉన్న భాషనే పీకి కొత్త వేదిక మీద నాటాలి.

"ఇట్లాంటివి చేశారా ఇంతకుముందు?" అని మీటింగులో అడిగారు.

"రెండుసార్లు," అన్నాను. ఆ మాట చేప కథకు స్వయానా తమ్ముడు.

భాషను ఇంకో వేదికకు మార్చడమంటే ఏమిటో చెప్పమంటే నేను మా అమ్మ సంగతి చెబుతాను. నాన్న రిటైరయ్యాక కంపెనీ క్వార్టర్ ఖాళీ చేసి మాంగోలో ఇంట్లోకి మారాం. సామానంతా సర్దేశాం, ఏదీ పోలేదు. కానీ అమ్మ చెయ్యి మాత్రం చాలాకాలం తలుపు కుడిపక్క గోడను తడుముతూనే ఉంది, లేని స్విచ్చు కోసం. క్వార్టర్‌లో నీళ్ళు ఆగేముందు కుళాయి గుర్రుమనేది. మాంగోలో కుళాయి ఏ చప్పుడూ లేకుండా ఎండిపోయేది. అమ్మ బిందె కింద పెట్టి, చప్పుడు రాలేదు కదా నిండుతోందిలే అనుకుని, పక్కింటావిడతో మాటల్లో పడిపోయేది.

నా పనీ అలాగే సాగింది. పదోవంతును పదిసార్లు కూడితే పాత ఇంట్లో సరిగ్గా ఒకటి వచ్చేది, ఎందుకంటే ఈ భాష భిన్నాలను భిన్నాల్లాగే ఉంచుతుంది. నేను నాటిన కొత్త మొక్క మొదట్లో ఒకటికి వెంట్రుకవాసి తక్కువ చూపించింది. ఆ వెంట్రుకవాసి సందులో మా బామ్మర్ది తల పడుతుందా అని ఆలోచిస్తూ ఒక పూటంతా కుర్చీలోంచి లేవలేదు. భిన్నాలు నేనే రాసుకున్నాను. అది సరిపోయాక తనను తాను పిలుచుకునే ఒక ఫంక్షన్ కొన్ని వేల మెట్లు దిగేసరికి కొత్త ఇంటి నేల కూలి, ప్రోగ్రాము ఆగిపోయింది. అదీ కట్టుకున్నాను. తప్పు దొరికిన ప్రతిసారీ హమ్మయ్య అనిపించేది. దొరికిన తప్పు గొట్టంలోకి దిగదు కదా.

పాతదాని మీద నడిచిన పరీక్షలన్నీ కొత్తదాని మీద నడిపించాం.

"సబ్ పాస్, సర్," అంది అమ్మాయి.

"అన్నీనా?"

"సబ్ బోలా నా." అన్నీ అని చెప్పాను కదా అని.

"ఒక్కటి కూడా పోలేదా?"

"ఆప్ కో ఫేల్ చాహియే క్యా?" అంది. ఫెయిలయితేనే మీకు తృప్తా అని.

అవుననే చెప్పాలనిపించింది. ఆ రోజు నుంచి నాకు తిండి సయించలేదు. కంచం ముందు కూర్చుంటే మా ఆవిడ ఎదురుగా నిలబడింది.

"ఏటయింది? పప్పులో ఉప్పు నేదా?"

"ఉంది."

"మరేటి? ఆ బ్రాకెట్లా?"

"అవే."

"సూడు. పెళ్ళిళ్ళలో నువ్వే కతలు సెప్పుకున్నా నాకనవసరం. మా తమ్ముడు దిగేది నీ దీపం సూసే. అదొక్కటీ గుర్తెట్టుకో."

గుర్తుపెట్టుకోవడం ఏమిటి, అది తప్ప నాకు ఇంకేదీ గుర్తులేదు. సాక్చి బజారులో ఎర్ర సిగ్నల్ పచ్చగా మారితే స్కూటరు కదపలేక నిలబడిపోయి, వెనకవాళ్ళ చేత తిట్లు తిన్నాను.

కొత్త సర్వరు పెట్టి, గొట్టం ఆపి, మనుషుల్ని దింపే రోజు వచ్చింది. పొద్దున్నే వెళ్ళాను. నాకిచ్చిన హెల్మెట్ కళ్ళ మీదకు జారుతోంది. మ్యాన్‌హోల్ దగ్గర బామ్మర్ది తన ముఠాతో ఉన్నాడు. తలకు తువ్వాలు చుట్టుకుంటూ నన్ను చూశాడు.

"బావొచ్చీసాడ్రా. ఇయ్యాల గొట్టంలో సేపలుంటాయి, గేలాలు తెచ్చుకోండి."

ముఠా నవ్వింది.

"దీపం చూసుకుని దిగరా," అన్నాను.

"సూసినాను. నీ దీపం పచ్చగానే ఉంది. నువ్వేటి, తెల్లగా ఉన్నావు?"

దీపం నిజంగానే పచ్చగా ఉంది. నిలకడగా, నిండుగా ఉంది. నేను దాన్ని చూస్తూ నిలబడ్డాను.

పక్క గొట్టంలో ఇంకో ముఠా పని ముగించింది. మనుషులు పైకొచ్చేశారు. వాళ్ళ లెక్కలు చూసే మున్షీ మ్యాన్‌హోల్ మీదకు వంగి లోపలికి కేకేశాడు. "కోయీ హై?" ఎవరైనా ఉన్నారా అని. కేక గొట్టంలో తిరిగి తిరిగి చచ్చిపోయింది. జవాబు రాలేదు. "బంద్ కరో," అన్నాడు. ఇద్దరు మూత జరిపి బోల్టులు బిగించారు.

ఇది అక్కడి పద్ధతే. మా బామ్మర్ది ముఠా కూడా అంతే చేస్తుంది. నేను చాలాసార్లు చూశాను, ఎప్పుడూ ఏమీ అనిపించలేదు. ఆ రోజు మాత్రం ఆ బోల్టుల మీంచి చూపు తిప్పుకోలేకపోయాను. జవాబు రాలేదంటే లోపల ఎవరూ లేరని వాళ్ళ లెక్క. జవాబు చెప్పలేని మనిషి ఉంటేనో. ఆ వెంటనే ఇంకో ఆలోచన వచ్చింది. నా దీపం కూడా గొట్టంలోకి వంగి ఇలాగే కేకేస్తోంది: ఎవరైనా హద్దు దాటారా? జవాబే రాకపోతే అది ఏం చేస్తుంది?

కాస్త దూరంగా వెళ్ళి ఆఫీసుకు ఫోన్ చేశాను.

"అమ్మా, ఆ తనిఖీకి సెన్సర్ల లెక్కలేవీ ఇవ్వకుండా నడిపి చూడు."

"ఖాలీ లిస్ట్ దూఁ?"

"ఖాళీ జాబితా కూడా వద్దు. అసలేమీ లేదని ఇవ్వు. నిల్."

కీబోర్డు టకటకలు వినిపించాయి. తరవాత ఆగాయి.

"హరా ఆయా, సర్." పచ్చదీపం.

"పాతదాంట్లో?"

"ఉస్ మే భీ హరా." దాంట్లోనూ పచ్చే. గొంతు మారింది. "లేకిన్ సర్, పురానే మే నిల్ కభీ ఆతా హీ నహీఁ థా. లైన్ కట్‌తా థా తో ఎర్రర్ ఆతా థా." పాతదాంట్లో నిల్ అసలు వచ్చేదే కాదు, లైను తెగితే ఎర్రర్ వచ్చేది అని.

అదీ సంగతి. పాత ఇంట్లో తీగ తెగితే జావా గట్టిగా అరిచేది. ఆ అరుపుకు ప్రోగ్రాము ఆగిపోయి దీపం ఎర్రబడేది. కొత్త ఇంట్లో సెన్సర్లతో మాట్లాడే ముక్కను నేనే అతికించాను. తీగ మీద కబురు రాకపోతే అది అరవదు. కాసేపు చూసి, ఏమీ లేదని మర్యాదగా చెబుతుంది. మా భాషలో ఏమీ లేకపోవడాన్నీ ఖాళీ జాబితానూ ఒకే చూపు చూస్తారు. ఇక ఖాళీ జాబితాను మీరంతా హద్దులోపలే ఉన్నారా అని అడిగితే, ఉన్నామనే వస్తుంది. ఎవరూ రాని పెళ్ళిలో అందరూ భోంచేశారా అంటే చేశారనే చెప్పాలి, చెయ్యనివాడు ఒక్కడు కూడా దొరకడు కదా. తర్కంలో తప్పులేదు. లిస్ప్ మనుషులం ఆ తర్కాన్ని చూసి మురిసిపోతాం కూడా. పాతదానికి ఆ ఖాళీ ఎన్నడూ ఎదురుపడలేదు కాబట్టి, దానికోసం పరీక్ష రాయాలని ఎవరికీ తోచలేదు.

అప్పటికీ నాలో ఒక ధైర్యం మిగిలే ఉంది. తీగ తెగితే కదా ఈ గొడవంతా. ప్యానెల్ దగ్గర కూర్చుని టీ తాగుతున్న ఎలక్ట్రీషియన్‌ను అడిగాను.

"నయే వాలే మే సెన్సర్ లైన్ జుడా హై నా, భాయ్?"

"అభీ కహాఁ," అన్నాడు. "లంచ్ కే బాద్ జోడేంగే."

తీగ ఇంకా కలపనే లేదు. మధ్యాహ్నం భోజనం తరవాత కలుపుతారట. అంటే అక్కడ వెలుగుతున్న పచ్చదనం గొట్టంలోంచి వచ్చింది కాదు. ఎక్కడినుంచీ వచ్చింది కాదు.

వెనక్కి తిరిగాను. బామ్మర్ది మ్యాన్‌హోల్ అంచు మీద కూర్చున్నాడు. రెండు కాళ్ళూ లోపలే ఉన్నాయి.

పరిగెత్తాను. హెల్మెట్ కళ్ళమీద పడింది. దాన్ని తీసి పారేశాను. దారిలో సేఫ్టీ ఆఫీసరు ఎదురొచ్చాడు, నెమ్మదస్తుడు, బీహారీ. ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"దాదా, యే హరా ఝూఠా హై. లిస్ట్ ఖాలీ హై." ఈ పచ్చ అబద్ధం, జాబితా ఖాళీ అని.

"కౌన్ సా లిస్ట్?"

"గ్యాస్ కా లిస్ట్."

ఆయన ముఖం విప్పారింది. "గ్యాస్ కా లిస్ట్ ఖాలీ హై, తో అచ్ఛా హీ హై నా, దాదా."

గ్యాస్ జాబితా ఖాళీగా ఉంటే మంచిదే కదా అని. నేను చెప్పిన నిజం నా కళ్ళముందే పచ్చదీపంగా మారిపోయింది. ఖాళీ అంటే ఏమిటో, నిల్ అంటే ఏమిటో ఆయనకు చెప్పాలంటే బ్రాకెట్ల నుంచి మొదలుపెట్టాలి. అక్కడ మా వాడు అంచు మీద చేతులు ఆనించి, ఒంటిని లోపలికి జార్చబోతున్నాడు.

అప్పుడే నోట్లోంచి పాము వచ్చింది.

"ఒరేయ్, దిగకు. పాము. ఇప్పుడే లోపలికి పోయింది, నేను చూశాను."

బామ్మర్ది కాళ్ళు ఎప్పుడు బయటికొచ్చాయో ఎవరికీ తెలియదు. ముఠా మొత్తం పది గజాలు వెనక్కి జరిగింది. గ్యాస్‌కు జంకనివాళ్ళు పాముకు జంకుతారు, గ్యాస్‌ను ఎవరూ కళ్ళతో చూడలేదు మరి.

"ఏ పాము?"

"నాగుపాము."

"ఎంతుంటాది?"

చేతులు చాపి చూపించాను. చేతులు చాలలేదు.

సేఫ్టీ ఆఫీసరు పని ఆపించాడు. పాములు పట్టేవాడి కోసం మాంగోకు ఫోన్ వెళ్ళింది. ముఠా నీడన చేరింది. నేను ఎలక్ట్రీషియన్ దగ్గరికెళ్ళి, నీకు దండం పెడతాను, ఆ తీగేదో ఇప్పుడే కలపమన్నాను. గొణుక్కుంటూ కలిపాడు. దీపం ఒకసారి రెప్పవేసింది. ఎర్రబడింది. అలాగే ఉండిపోయింది.

సేఫ్టీ ఆఫీసరు సంచిలోంచి చేతి మీటరు తీయించి, తాడుకు కట్టి లోపలికి దింపించాడు. అది అరవడం మొదలుపెట్టి ఆపలేదు. ఎక్కడో ఒక వాల్వు గట్టిగా మూసుకోలేదు. వాసన లేనిదేదో ఆ గొట్టాన్ని నెమ్మదిగా నింపుకుంటూ వస్తోంది. మా బామ్మర్ది తలకు చుట్టిన తువ్వాలు విప్పి ముఖం తుడుచుకున్నాడు, మళ్ళీ తుడుచుకున్నాడు.

ఆ మధ్యాహ్నమే నేను అతికించిన ముక్కను సరిచేశాను. కబురు రాకపోతే ఇప్పుడది అరుస్తుంది. నియమాల్లో ఒక్క అక్షరం కదల్లేదు. తరవాత ఆ అమ్మాయి ఒక్కొక్క తీగనూ కోసి చూసే పరీక్షలు రాసింది. అవి నడుస్తున్నంతసేపూ నేను గదిలో ఉండలేక కింద టైర్ల కొట్టులో కూర్చుంటాను.

ఇక ఇందులో నేను కల్పించింది ఏదో చెప్పాలి.

తీగ కలపకపోవడం నిజం. ఎర్రదీపం నిజం, మీటరు అరుపు నిజం. పాము ఒక్కటే లేదు. గొట్టంలో పాము లేదని ఎలాగూ మీకు తెలుసు. నేను చెప్పేది అది కాదు. పాము అని నేను అననే లేదు. ఆ అబద్ధం తరవాత, ఇంటికొచ్చాక, అన్నం ముందు కూర్చున్నాక తట్టింది. పాము కథలో నేను హుషారైన మనిషిలా కనబడతాను కాబట్టి దాన్నే ఉంచేసుకున్నాను.

నిజానికి సేఫ్టీ ఆఫీసరు అచ్ఛా హీ హై అన్నాక నా నోట్లోంచి ఏదీ రాలేదు. నిజమూ రాలేదు, అబద్ధమూ రాలేదు. ఇన్నేళ్ళలో నాకు అలా జరగడం అదే మొదటిసారి. వెళ్ళి బామ్మర్దిని చంకల కింద పట్టుకుని లాగి, ఆ మ్యాన్‌హోల్ మీద నేనే కూర్చున్నాను. మూతకు మల్లే. రెండు చేతులతో అంచు పట్టుకున్నాను. ఇనుము ఎండకు కాలుతోందని తెలుస్తూనే ఉంది.

ముఠా పగలబడి నవ్వింది.

"లెగు బావా, పని కాడ ఆటలేటి?" అన్నాడు వాడు. నా చొక్కా పట్టుకుని గుంజాడు. "ఏటి, సేప కుట్టిందా?" అన్నాడు. నేను కదల్లేదు. వాడు వంగి నా ముఖంలోకి చూశాడు. నవ్వు నవ్వుగానే కాసేపు ఉండి, పోయింది. చొక్కా వదిలేశాడు.

"ఒరే, ఆగండ్రా," అన్నాడు వెనక్కి తిరిగి, గొంతు తగ్గించి. "బావేటీ మాట్టాడట్నేదు. ఎవుళూ దిగొద్దు."